ముప్పై ఏళ్ళ రేకు

నా నోటికి ‘తెలీదు’ అనే మాట అలవాటు లేదు. పాతికేళ్ళుగా ఇళ్ళకి రేకులు వేస్తున్నాను. అనకాపల్లిలో రేకుల ఎల్లాజీ అంటే ఎవరైనా చెబుతారు. ఎంత మందం కావాలి, ఎంత వాలు ఉండాలి, స్క్రూ ఎక్కడ దిగాలి, ఎవరేం అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అడగనిదీ చెబుతాను. ఎదురు చెబితే మాత్రం ఒళ్ళు మండుతుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని నాకూ తెలుసు, మా ఆవిడకి ఇంకా బాగా తెలుసు.

అందుకే ఆ రోజు పొద్దున్న మా చెల్లి లోవమ్మ రాజయ్యపేట నుంచి ఫోన్ చేసి, “అన్నియ్యా, రేకు కారతన్నాది. బావ మంచమ్మీద పడతన్నాది నీరు” అంటే నాకు ముందు జాలి కలగలేదు. కోపం వచ్చింది.

“నానేసిన రేకు కారడవేటి?” అన్నాను.

“కారతన్నాది మరి.”

“ఎన్నేళ్ళయినాదే దానికి? ఏడేళ్ళు. ముప్పై ఏళ్ళు సూసుకోక్కర్లేదని సెప్పేనా లేదా?”

“సెప్పేవు” అంది. “తుపానొత్తన్నాదంట. బేగి రా” అని పెట్టేసింది.

ఆ సంగతి నాకూ తెలుసు. బంగాళాఖాతంలో వాయుగుండం, తుఫానై రేపు రాత్రికి తీరం దాటుతుందని టీవీలో తెల్లారకముందు నుంచీ అదే గోల. చేతిలో ఉన్న పని ఆపేసి, కొత్త స్క్రూల పొట్లం, రెండు ట్యూబుల సీలెంటు సంచిలో పడేసుకుని బండి తీశాను. స్క్రూ కింద రబ్బరు వాషరు ఎండకి పగిలి ఉంటుంది, అంతకు మించి ఏమీ అయ్యుండదు. నేను వేసిన రేకుకి అంతకన్నా పెద్ద జబ్బు రాదు. దారి పొడుగునా అదే అనుకున్నాను.

నాకో అలవాటు ఉంది. పని పూర్తయ్యాక వెంటనే నిచ్చెన దిగను. ఇంటివాళ్ళని వాకిట్లో నిలబెట్టి, రేకు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూపిస్తాను. స్క్రూల వరస మీద అడుగు వేసుకుంటూ పోతే కింద ఇనప గొట్టం ఆసరా ఉంటుంది, రేకు వంగదు. ఆ చివర నిలబడి, “ముప్పై ఏళ్ళు. మళ్ళీ నన్ను పిలవక్కర్లేదు” అంటాను. మనుషులు ఆ నడక చూసే నాకు పని ఇస్తారు. లోవమ్మ ఇంటి మీద అలా నడిచిన రోజు వాళ్ళ వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఆ ఏడాదిలోనే ఆ వీధిలో ఇంకో పదకొండిళ్ళకి రేకులు వేశాను. ఒక్కరూ మళ్ళీ పిలవలేదు. పిలవలేదంటే బాగున్నట్టే కదా అని నేను గర్వంగా తిరిగాను.

నక్కపల్లి దాకా హైవే, అక్కణ్ణించి సముద్రం వైపు తిరగాలి. మేం పుట్టింది రాజయ్యపేటలోనే. మా వాళ్ళంతా వేటకి పోయేవాళ్ళే. నాకు పడవెక్కితే వాంతులు, అందుకని ఇళ్ళెక్కడం నేర్చుకున్నాను. లోవమ్మ ఇంటి నుంచి సముద్రానికి రెండు వందల అడుగులు కూడా ఉండవు. నేను వెళ్ళేసరికి అలలు అప్పటికే మురికిగా, ఎత్తుగా లేస్తున్నాయి. బోట్లన్నీ పైకి లాగి కట్టేశారు.

పక్కింటి దుర్గాలక్ష్మి చేపల గంప కడుగుతూ నన్ను చూసి నవ్వింది. “మావా, నిన్న ఆఫీసర్లొచ్చేరు. అందరూ స్కూలు బిల్డింగుకి పొమ్మన్నారు. మా వీధోళ్ళం రామని సెప్పేసేం” అంది.

“ఎందుకే?”

“ఎందుకేటి? మాయి ఎల్లాజీ మావ రేకులు, తాటాకులు కావు, ఎగిరిపోవని సెప్పేం. దేముడు తాతయితే ఆఫీసరుతో పందెం కాత్తానన్నాడు.”

దేముడు ఆ వీధికి పెద్ద. ఆయన నోట నా మాట వచ్చిందంటే నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, కారుతున్న రేకు సంగతి ఆ క్షణం మర్చిపోయాను కూడా.

లోపల మా బావ సత్తియ్య మంచం మీద ఉన్నాడు. ఎప్పుడూ అక్కడే ఉంటాడు. నాలుగేళ్ళ కిందట బోటుని ఒడ్డుకి లాగుతుంటే అలకి అది ఒరిగి నడుం మీద పడింది. అప్పట్నుంచి నడుం కింద ఏదీ కదలదు. ఆరడుగుల మనిషి, ఒంటి చేత్తో లంగరు ఎత్తినవాడు, గది మధ్యలో వెల్లకిలా పడుకుని ఊళ్ళో వాళ్ళ వలలకి చిరుగులు అల్లుతుంటాడు. ఆయన మొహానికి సూటిగా పైన నా రేకు ఉంటుంది.

ఆ రోజు రేకు కనబడలేదు. దాని కింద నీలం టార్పాలిన్ కట్టి ఉంది. మధ్యలో బరువుకి దిగబడి ఉంది.

“ఇదెప్పుడు కట్టేవు?” అని లోవమ్మని అడిగాను.

“మొన్న” అంది.

మొన్న కట్టింది అంత వెలిసిపోయి ఉండదు. చూశాను గానీ ఆలోచించలేదు. నా కళ్ళు అప్పటికే నిచ్చెన కోసం వెతుకుతున్నాయి.

“బావా, ఎక్కకు” అన్నాడు సత్తియ్య.

“ఏటి?”

“గాలెళ్ళిపోయేక సూద్దువు గాని. దాని ఒంట్లో బాగోలేదు, నాలాగే.”

“నీకేటి తెలుసు బావా రేకు సంగతి? వాచరు పోయుంటాది. పది నిమషాల పని.”

“ఎక్కకంటే ఎక్కకెహె” అన్నాడు. ఆ గొంతులో మామూలుగా ఉండే వేళాకోళం లేదు. నా పని నన్ను చెయ్యొద్దనడానికి ఈయనెవరని నాకు రోషం వచ్చింది. అక్కడే ఆగి ఎందుకు వద్దంటున్నావని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. పైన రేకు తెల్లగా ఉంది. సున్నం. పూత మీద పూత పడి గోరు మందాన పెంకు కట్టింది. చూసి సంతోషించాను. మా చిన్నప్పుడు సిమెంటు రేకులకి వేసవి రాగానే సున్నం కొట్టేవాళ్ళం, ఇల్లు చల్లగా ఉంటుందని. చెల్లి ఆ అలవాటు మానలేదన్నమాట, బావ ఎండకి మాడిపోకుండా చూసుకుంటోంది అనుకున్నాను. వాకిట్లో లోవమ్మ, దుర్గాలక్ష్మి తలలెత్తి చూస్తున్నారు.

“అదిగో, అలాగే సూడండి. నడిసి సూపిత్తాను” అన్నాను.

సున్నం కింద స్క్రూలు కనబడలేదు. ఫరవాలేదు, పాతికేళ్ళ అలవాటు, అంచనా మీద అడుగు వేశాను. ఒకటి. రెండు. మూడో అడుగుకి నా కుడి కాలు తొడ దాకా ఇంట్లోకి దిగిపోయింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. రేకు వంగితే ఒక మోత వస్తుంది, చిరిగితే ఒక మోత వస్తుంది, రెండూ నాకు తెలుసు. ఇది అప్పడం మీద కాలేసినట్టయింది. కింద టార్పాలిన్ తాడు తెగింది. అందులో ఉన్న నీళ్ళు, తుప్పు, సున్నం బెడ్డలు ఒక్కసారిగా మంచం మీద పడ్డ శబ్దం విన్నాను. తర్వాత ఏమీ వినబడలేదు.

నేను బోర్లా పడి రెండు చేతులూ చాపి రేకుని కరుచుకుని ఉన్నాను. కదిలితే మిగతాది కూడా పోతుంది. లోపల మనిషి లేవలేడు, దొర్లలేడు. నా చెంప సున్నానికి ఆని ఉంది, కళ్ళు తెరిచి ఉన్నాయి, ఎదురుగా వీధిలో ఇళ్ళ కప్పులన్నీ కనబడుతున్నాయి. అన్నీ తెల్లగా ఉన్నాయి. ఎంత తెల్లగా ఉన్నాయో అనుకున్నాను, అంతే.

“బావా” అని కింద నుంచి వినబడింది. “ఉన్నావా?”

ఆ మాట నేను అడగాల్సింది.

“ఉన్నాను” అన్నాను.

“ఉంటే ఆ కాలు లాక్కో. నా మొహమ్మీద ఆడతన్నాది.”

ఎలా లాక్కున్నానో, ఎలా దిగానో సరిగ్గా గుర్తు లేదు. తొడ మీద నుంచి మోకాలి దాకా చీరుకుపోయింది. లోవమ్మ తువ్వాలు కట్టింది. నేను కాలి వైపు చూడలేదు, మంచం వైపు చూశాను. సత్తియ్య ఒంటి నిండా ఎర్ర పొడి, మెడ పక్కన దిండు మీద జానెడు రేకు ముక్క. దిండు గుడ్డ ఆ అంచుకి బ్లేడుతో కోసినట్టు తెగి దూది బయటికొచ్చింది. మెడకీ దానికీ మధ్య నాలుగు వేళ్ళు పడతాయేమో. ఆయన దాన్ని చూడలేదు. నేను చూశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ దూదే కనబడుతుంది.

ఆ ముక్క తీసి చేత్తో పట్టుకున్నాను. పైన సున్నం, కింద తుప్పు, మధ్యలో రేకు లేదు. బొటనవేలితో నొక్కితే రెండు ముక్కలైంది. అరగంట క్రితం దాకా ఇది నా దృష్టిలో ముప్పై ఏళ్ళ రేకు.

“యాడాదై సూత్తన్నాను బావా” అన్నాడు సత్తియ్య, మొహం మీద పొడి తుడుచుకుంటూ. “ముందొక సిన్న ఎలుగు కనబడ్డాది, సూది బెజ్జమంత. మరి రెండు. మరి లెక్కెట్టడం మానేసేను. నీకు సెప్పమంటే ఇది టార్పాలిన్ కట్టేసినాది, నువ్వొచ్చినపుడు కనబడకండా.”

లోవమ్మ తల వంచుకుని దూది దిండులోకి కుక్కుతోంది. ఎందుకు దాచావని దాన్ని అప్పుడే అడగాల్సింది. కానీ నాకు ఎవరో ఒకరి మీద అరవాలి. రేకులు అమ్మిన చంద్రమౌళిగారికి ఫోన్ కలిపాను. అనకాపల్లిలో ఆయన షాపు, ఇరవై ఏళ్ళ పరిచయం. రక్తం కారుతున్న కాలికి రెండో తువ్వాలు అదిమి పట్టుకున్నాను, ఫోను పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక స్పీకర్లో పెట్టి మంచం పట్టె మీద పెట్టాను.

“చంద్రమౌళిగారూ, మీరమ్మింది రేకులా, అప్పడాలా?” అన్నాను. డూప్లికేటు సరుకన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆయన నన్ను పూర్తిగా అరవనిచ్చాడు.

“ఎక్కడి రేకులు?” అన్నాడు తర్వాత.

“రాజయ్యపేట. మా సెల్లి ఇల్లు. వెండి రంగు రేకులు, ఏడేళ్ళయింది.”

“పైనుంచి పోయేయా, కింద నుంచా?”

ముక్క తిప్పి చూశాను. “పైనుంచే.”

“పైన ఏమన్నా పూసేరా?”

“సున్నం.”

“అందులో ఉప్పు కలిపేరా?” అన్నాడు.

నేను లోవమ్మ వైపు చూశాను. తలాడించింది.

“కలిపేరంట” అన్నాను.

“ఎల్లాజీగారూ, ఆ ఇనుముని కాపాడేది పైనున్న జింకు, అల్యూమినియం పూత. ఎంత ఉంటుంది అది, వెంట్రుక మందం కూడా ఉండదు. సిమెంటు రేకుకి సున్నం కొడితే దానికేం కాదు. ఈ పూతని సున్నం తినేస్తుంది. ఆ పైన ఉప్పు. సముద్రం గాలికి ఎలాగూ ఉప్పు పడుతుంది, దాన్ని వాన కడిగేస్తుంది, అలాగ రేకు నాలుగు కాలాలు బతుకుతుంది. మీరు ఉప్పు ముద్ద చేసి దాని నెత్తిన కట్టేరు. తడి ఆరదు, వాన తగలదు. ఇంకేం మిగులుతుంది?”

“మరి ముప్పై ఏళ్ళన్నారు?”

“నేనెప్పుడన్నాను? ఊళ్ళో అయితే ఉంటుందన్నాను. సముద్రం పక్కన అంత ఉండదు, రంగు పూత ఉన్నది తీసుకోండి, ఏడాదికోసారి మంచినీళ్ళతో కడగమనండి అన్నాను. షీట్లతో పాటు కాగితం కూడా ఇచ్చేను కదండీ.”

ఆ కాగితం నాకు గుర్తుంది. దాన్ని పొట్లం కట్టి స్క్రూలు పోసుకున్నాను.

ఫోన్ పెట్టేశాను. ఒక పక్క సిగ్గు, ఒక పక్క కాలి మంట, మంచం మీద ఆ దిండు. అన్నీ కలిసి నా నోటికి వచ్చేశాయి.

“ఎవడే నీకు సున్నం కొట్టమన్నోడు?” అని లోవమ్మ మీద గట్టిగా అరిచాను. “ఉప్పు కలపమన్నోడెవడు? బుద్ధున్నోడేనా ఆడు? తెలవకపోతే నోర్మూసుకోవాల గాని, ఊరోళ్ళ ఇళ్ళతోటి ఆటలేటి? ఆణ్ణి తీసుకురా. ఇదే మంచమ్మీద, ఇదే రేకు కింద తొంగోబెడతాను ఆణ్ణి. అప్పుడు తెలుత్తాది.”

సత్తియ్య మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ దుర్గాలక్ష్మి నా వైపు విచిత్రంగా చూసింది.

“మావా,” అంది మెల్లగా, “నువ్వే కదేటి.”

“ఏటి?”

“నువ్వే సెప్పేవు. సత్తియ్య మావ మంచానపడ్డ ఏసంగి. ఎండకి ఒళ్ళంతా పేలిపోయి ఏడిసేసేవోడు. అక్క నీకు ఫోన్ సేసినాది, మావ కూడా ఇనాలని గట్టిగా పెట్టినాది. నానిక్కడే ఉన్నాను. ‘సున్నం కొట్టండే. గుప్పెడు ఉప్పు ఏసి కలపండి, వానకి పోదు’ అన్నావు. అనేసి పెట్టేసేవు.”

నాకు వెంటనే గుర్తు రాలేదు. అంటే అంత చిన్న సంగతి అది నాకు. తర్వాత వచ్చింది. మాకవరపాలెంలో ఓ కోళ్ళ షెడ్డు మీద ఉన్నాను, ఒక చేతిలో డ్రిల్లు, ఒక చేతిలో ఫోను. చెల్లి ఏడుపు గొంతుతో ఏదో అడిగింది. నాకు తెలీదు అనొచ్చు. చంద్రమౌళిగారిని కనుక్కుని చెబుతాను అనొచ్చు. చిన్నప్పుడు సిమెంటు రేకుల మీద చూసింది చెప్పేసి పెట్టేశాను. పది సెకన్లు పట్టి ఉంటుంది.

“గుప్పెడన్నాను” అన్నాను.

“మాకు ఉప్పుకి కరువా మావా? ఎండుసేపలకి తెచ్చిన ఉప్పు బస్తాలకి బస్తాలుంటాది. ఎక్కువేత్తే గట్టిగుంటాదని గమేళాలతోటి ఏసేం.”

“ఏసేం అంటే?”

“అందరం. ఈళ్ళ ఇల్లు సల్లబడింది గదా, నువ్వు సెప్పేవని వీధంతా కొట్టేం. ఏటేటా కొడతన్నాం.”

అప్పుడు, సరిగ్గా అప్పుడు, పైన బోర్లా పడుకుని చూసిన ఆ తెల్లటి కప్పులు కళ్ళ ముందుకొచ్చాయి. పన్నెండిళ్ళు. అన్నీ నేను వేసినవే. అన్నిటి కిందా మనుషులున్నారు. రేపు రాత్రి తుఫాను. ఎల్లాజీ రేకులు ఎగరవని ఆఫీసర్లని వెనక్కి పంపేశారు. మంచం పట్టె పట్టుకున్నాను.

“నీకు తెలుసా?” అని లోవమ్మని అడిగాను.

“నిరుడే తెలిసినాది” అంది. “సున్నం కొట్టిన కాడే పోతన్నాది, సున్నం తగలని సూరు కాడ బాగుంది. నానేటి గుడ్డిదాన్నా? అడిగినోళ్ళకి సముద్రం గాలన్నాను.”

“నాకెందుకు సెప్పలేదే?”

“సెప్తే నీ మాటే తప్పని నీతో అనాల. ఎప్పుడన్నా ఎవులన్నా అన్నారేటి నిన్నలాగ? ఊరందరిలో నీ పేరు పోతాది గదా అన్నియ్యా.” కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “గాలొత్తన్నాదని బయమేసి పిలిసేను. నువ్వొచ్చి నాలుగు కొత్త రేకులేసేత్తే ఎవులికీ తెలవకండా పోతాదనుకున్నాను.”

నా పేరు నిలబెట్టడానికి నా చెల్లెలు తన మొగుణ్ణి ఏడాదిగా ఆ రేకు కింద పడుకోబెట్టింది. నన్ను ఎవరో చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. నాకు తెలీకుండా మనుషులు నాకు ఇంత భయపడుతున్నారా? పాతికేళ్ళుగా అది గౌరవం అనుకున్నాను.

కుంటుకుంటూ దేముడు ఇంటికి వెళ్ళాను. ఊరి మైకు ఆయన అరుగు మీదే ఉంటుంది. ఆయన నా కాలు చూసి, “ఒరే ఎల్లాజీ, ఏటైనాదిరా?” అన్నాడు. మైకు తీసుకున్నాను. పాతికేళ్ళలో ఎన్ని కప్పుల మీద నిలబడి ఎన్ని మాటలు చెప్పానో, ఈ నాలుగు మాటలకి మాత్రం చెమటలు పట్టాయి.

“నాను ఎల్లాజీని. ఈ వీధిలో నానేసిన పన్నెండిళ్ళ రేకులూ పాడైపోనాయి. సున్నంలో ఉప్పు కలిపి కొట్టమని సెప్పింది నానే. అది తప్పు. నాకు తెలవకుండా సెప్పేను. గాలొత్తే అయ్యి ఆగవు, కత్తుల్లాగ ఎగురుతాయి. ఎవులూ ఇళ్ళల్లో ఉండొద్దు. అందరూ స్కూలుకి ఎళ్ళిపోండి.”

జనం బయటికొచ్చారు. ఎవరూ కదల్లేదు. కొందరు నవ్వారు కూడా, నాకు మతి చలించిందనుకుని. అప్పుడు దుర్గాలక్ష్మి తన ఇంట్లోకి పోయి పడవ తెడ్డు పట్టుకుని లోపల నుంచి కప్పుకి పొడిచింది. పెద్దగా బలం కూడా పెట్టలేదు. తెల్లటి రేకులోంచి తెడ్డు మూరెడు బయటికొచ్చి ఆకాశంలో నిలబడింది. చంకలో పిల్లున్న ఓ తల్లి ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసుకుంది, ఇప్పుడే పడుతుందన్నట్టు.

దుర్గాలక్ష్మి తెడ్డు అలాగే వదిలేసి బయటికి వచ్చింది. “దానికిందే కదా మావా మేవు పడుకుంతన్నాం” అంది.

దేముడు చాలాసేపు నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను, కొట్టినా బాగుండేది.

“అనకాపల్లిలో నీ యింటికేటేసుకున్నావురా?” అన్నాడు.

“స్లాబు” అన్నాను.

ఆయన మైకు నా చేతిలోంచి తీసుకుని, “మూటలు కట్టుకోండెహె” అన్నాడు అందరితోటీ.

సత్తియ్యని మంచంతో సహా నలుగురం మోసుకుని స్కూలుకి తీసుకెళ్ళాం. మంచం కోడు ఒకటి నా భుజం మీద ఉంది. నాలుగేళ్ళ తర్వాత ఆయన ఆకాశం కింద వెళ్ళడం అదే మొదటిసారి. దారిలో మబ్బు వైపే చూశాడు.

“కోపవా బావా?” అని అడిగాను.

“నా కోపం నీకెందుకు గాని, కుదుపు తగ్గించు” అన్నాడు.

మర్నాడు చీకటి పడ్డాక మొదలై తెల్లవారుజాము దాకా వీచింది గాలి. స్కూలు గోడలకి ఏవో వచ్చి గుద్దుకుంటుంటే ప్రతి చప్పుడుకీ అందరూ నా వైపు చూశారు. నేను ఎవరి వైపూ చూడలేదు.

తెల్లారాక వీధికి వెళ్ళాం. పన్నెండు కప్పుల్లో తొమ్మిది లేవు. రేకులు సరుగుడు తోటలో చెట్లకి చుట్టుకుని ఉన్నాయి, కొన్ని బోట్ల మీద పడి ఉన్నాయి. మనుషులకి ఎవరికీ దెబ్బ తగల్లేదు. దేముడు వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి తలలు లెక్కపెట్టి, నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

లోవమ్మ ఇంట్లో గోడలు మిగిలాయి. గది మధ్యలో, నేల మీద సత్తియ్య మంచం కోళ్ళు నాలుగేళ్ళుగా నొక్కుకుపోయిన నాలుగు గుంటలున్నాయి. ఆ నాలుగు గుంటల మధ్య ఒక రేకు నిలువునా దిగబడి ఉంది. తలవైపు రెండు గుంటలకి కాస్త ఇవతల, మెడ ఉండే చోట. మట్టిలోకి జానెడు దిగింది.

లోవమ్మ దాని ముందు నిలబడిపోయింది. నేను చెల్లి పక్కన నిలబడ్డాను. ఇద్దరం చాలాసేపు ఒకరినొకరం చూసుకోలేదు. వెనక వాకిట్లోకి దుర్గాలక్ష్మి వచ్చింది, దేముడు వచ్చాడు, వీధిలో ఒక్కొక్కరూ వచ్చి చేరారు. అందరి ఇళ్ళదీ ఒకటే సంగతి, అందరికీ ఒకటే ప్రశ్న. చివరికి లోవమ్మే అడిగింది.

“అన్నియ్యా, ఈపాలి ఏటెయ్యమంటావు?”

జవాబు నోటి దాకా వచ్చేసింది. అలవాటు మరి. ఫలానా రేకు, ఫలానా మందం, రంగు పూత, ఇన్నేళ్ళు. నాలుక కొస దాకా వచ్చి ఆగింది. నేలలో దిగబడిన ఆ రేకు వైపు చూశాను.

“నాకు తెలీదమ్మా” అన్నాను. “కనుక్కుని సెప్తాను.”